పేజీలో ఒక ఎలిమెంట్‌ను ఇంకో పేరెంట్ కిందికి మార్చడం ఎలా?

“అన్నా, నేను కొట్టిన తూకం ఏడబోయింది?”

మార్చి నెల, పొద్దున పదకొండు. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి జోరు మీద ఉంది. ఫోన్ చేసింది నాకు తెలిసిన ఒక అడ్తి (కమీషన్) దుకాణం గుమస్తా. వాళ్లకు చిన్న పేజీ ఒకటి నేనే చేసిచ్చాను. అందులో మూడు కాలమ్‌లు: ‘వచ్చినవి’, ‘కాంటా అయినవి’, ‘పైసలు ముట్టినవి’. ఒక్కో రైతు తెచ్చిన సరుకుకు ఒక్కో కార్డు. కార్డు మీద లాట్ నంబరు, రకం, ఎన్ని బస్తాలు, తూకం కొట్టే గడి, కింద ‘ముందుకు’ అనే బటన్. దడ్వాయి (తూకం వేసేవాడు) కాంటా పెట్టి చెప్పగానే గుమస్తా తూకం కొడతాడు, బటన్ నొక్కుతాడు, కార్డు పక్క కాలమ్‌లోకి పోతుంది.

కార్డు పోయింది. తూకం మాత్రం వెంట రాలేదు. అంతటితో ఆగలేదు, పక్క కాలమ్‌లో అప్పటికే ఉన్న కార్డుల తూకాలు కూడా ఖాళీ అయ్యాయి. అవతల ఖరీదుదారు నిలబడి ఉన్నాడు, తక్‌పట్టీ (సరుకు అమ్మిన లెక్క చీటీ) రాయాలి, గుమస్తాకు టెన్షన్, నాకు హనుమకొండలో కూర్చుని చెమటలు.

తప్పు నాదే. నేను కార్డును జరపలేదు. దాని బొమ్మ గీసి పక్క కాలమ్‌లో అంటించి, అసలుదాన్ని పారేశాను. ఆ పని ఎలా చేయకూడదో, ఎలా చేయాలో చెప్తాను. మీ పేజీలో మిర్చి కార్డులు ఉండకపోవచ్చు. కార్ట్‌లోని వస్తువులు కావచ్చు, చేయాల్సిన పనుల జాబితా కావచ్చు, మొబైల్‌లో కిందికి దిగాల్సిన మెనూ కావచ్చు. పద్ధతి ఒకటే.

రాత గురించి ఒక మాట. కమాండ్లన్నీ ఇక్కడ పలికినట్టు రాస్తున్నాను. ఎడిటర్‌లో మాత్రం ఇంగ్లీషు స్పెల్లింగ్‌తో, మాటల మధ్య ఖాళీ లేకుండా, రెండో మాట నుంచి ఒక్కో మాట మొదటి అక్షరం పెద్దదిగా కొట్టాలి (హెచ్‌టీఎంఎల్ అన్న చోట అన్నీ పెద్దవే). వేరియబుల్ పేర్లు, ఐడీలు, క్లాసులు తెలుగులో పెట్టినా జావాస్క్రిప్ట్, సీఎస్ఎస్ రెండూ ఒప్పుకుంటాయి. నేను ఇంట్లో చేసుకునే వాటికి అలాగే పెడతాను, కంపెనీ పనిలో పెట్టను.

పీకి నాటడం

బ్రౌజర్ మీ పేజీని ఒక చెట్టులా పెట్టుకుంటుంది. దానినే డామ్ అంటాం. ఎలిమెంట్ అంటే పేజీలోని ఒక ముక్క, పేరెంట్ అంటే దాన్ని నేరుగా లోపల పెట్టుకున్న పెట్టె. ఒక ఎలిమెంట్‌కు ఒక సమయంలో ఒకే పేరెంట్ ఉంటుంది. కాబట్టి ఇప్పటికే పేజీలో ఉన్న ఎలిమెంట్‌ను ఇంకో చోట చేర్చమంటే బ్రౌజర్ కాపీ చేయదు. పాత చోటు నుంచి పీకి, కొత్త చోట నాటుతుంది. మీరు విడిగా తీసేయాల్సిన పని లేదు. 1998లో వచ్చిన డామ్ మొదటి ప్రమాణం నుంచీ అపెండ్‌చైల్డ్ ఇలాగే నడుస్తోంది.

మిరప నారు పీకి నాటడం చూసినవాళ్లకు మిగతాది సగం అర్థమైనట్టే. మొక్క అదే, వేళ్లు అవే. నేల మారింది, నీళ్లు మారాయి, ఒకటి రెండు రోజులు తల వాలుస్తుంది. ఎలిమెంట్ విషయంలో ఏవి వేళ్లతో పాటు వస్తాయి, ఏవి పాత మడిలో మిగులుతాయి అన్నదే అసలు విషయం. కమాండ్ ఒక్క లైను. ఆ ఒక్క లైను తర్వాత ఏమవుతుందో తెలియకనే నాకు ఆ ఫోన్ వచ్చింది.

మొదట కార్డును, కొత్త ఇంటిని పట్టుకోండి

పేజీలో రెండు జాబితాలు పెట్టి, మొదటి దానిలో మూడు నాలుగు కార్డులు వేసుకోండి. ఎఫ్12 నొక్కి కన్సోల్ తెరిచి ఇది కొట్టండి:

కాన్స్ట్ కార్డు = డాక్యుమెంట్.క్వెరీసెలెక్టర్('#లాట్17');
కాన్స్ట్ కాంటా = డాక్యుమెంట్.క్వెరీసెలెక్టర్('#కాంటా');

రెండూ దొరికాయో లేదో ముందే చూసుకోండి. పేరు కన్సోల్‌లో కొడితే నల్ అని వచ్చిందంటే సెలెక్టర్ (బ్రాకెట్లో రాసిన పేరు) తప్పు, లేదా ఆ ఎలిమెంట్ ఇంకా పేజీలోకి రాకముందే మీ స్క్రిప్ట్ నడిచింది. రెండోదైతే స్క్రిప్ట్‌ను వేరే ఫైలులో ఉంచి దాని ట్యాగ్‌కు డిఫర్ పెట్టండి, సరిపోతుంది.

కాలమ్ కట్టేటప్పుడే ఒక జాగ్రత్త. కాలమ్ పెట్టెలో పైన శీర్షిక ఉంటుంది, కింద కార్డులు ఉంటాయి. కార్డులను నేరుగా ఆ పెట్టెలో వేయకండి. శీర్షిక కింద ‘జాబితా’ అనే క్లాసుతో వేరే డివ్ పెట్టి, కార్డులన్నీ అందులో ఉంచండి. నేను మొదట ఇలా చేయలేదు. కొత్త కార్డు పైన రావాలని ప్రిపెండ్ వాడితే అది ‘కాంటా అయినవి’ అన్న శీర్షిక నెత్తి మీద వచ్చి కూర్చుంది.

తర్వాత జరపండి

కాంటా.అపెండ్(కార్డు);

అంతే. కార్డు పాత జాబితాలోంచి మాయమై కొత్త జాబితా చివర చేరుతుంది. ఎలిమెంట్స్ ట్యాబ్ తెరిచి పెట్టుకుని నొక్కితే జరగడం కళ్లారా కనిపిస్తుంది.

అపెండ్‌కు, పాత అపెండ్‌చైల్డ్‌కు తేడా చిన్నది. అపెండ్‌కు ఒకేసారి నాలుగైదు ఎలిమెంట్లు ఇవ్వొచ్చు, మామూలు అక్షరాలు కూడా ఇవ్వొచ్చు. తిరిగి ఏమీ ఇవ్వదు. అపెండ్‌చైల్డ్ ఒక్క నోడ్‌నే తీసుకుంటుంది, దాన్నే తిరిగి ఇస్తుంది. జేక్వెరీ అనే పాత లైబ్రరీ అలవాటు ఉన్నవాళ్లు వాడే అపెండ్‌టు కూడా జరపడమే చేస్తుంది. కానీ దానికి ఒకేసారి రెండు మూడు చోట్లు చూపిస్తే చివరి చోటికి అసలుది, మిగతా చోట్లకు కాపీలు పోతాయి. అక్కడ కళ్లు తెరుచుకుని ఉండాలి.

జాబితా మొదట్లో కావాలంటే ప్రిపెండ్. ఫలానా కార్డుకు ముందో వెనకో కావాలంటే ఆ కార్డు మీదే బిఫోర్ లేదా ఆఫ్టర్ పిలవండి: లాట్20.బిఫోర్(కార్డు).

లాట్ నంబర్ల వరుస చెడకూడదని గుమస్తా పట్టుబట్టాడు, న్యాయమే. దానికి ఇన్సర్ట్‌బిఫోర్ పనికొచ్చింది. కొత్త జాబితాలో మన కార్డు కంటే పెద్ద నంబరు ఉన్న మొదటి కార్డును వెతికి, దాని ముందు పెట్టాలి. ఇన్సర్ట్‌బిఫోర్‌కు మొదట జరిపే కార్డు, తర్వాత దేనికి ముందో ఆ కార్డు ఇస్తాం. పెద్ద నంబరు ఏదీ దొరక్కపోతే రెండోది నల్ ఇవ్వండి, కార్డు చివరికి చేరుతుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. డేటాసెట్ (కార్డు ట్యాగ్‌లో రాసి పెట్టిన డేటా అట్రిబ్యూట్లు) నుంచి తీసిన నంబరు నిజానికి నంబరు కాదు, అక్షరాల వరుస. అలాగే పోల్చితే 10 కంటే 9 పెద్దదై కూర్చుంటుంది, ఎందుకంటే మొదటి అక్షరాలనే చూస్తుంది. నంబర్ అనే ఫంక్షన్‌తో మార్చాకే పోల్చండి.

చేయకూడనిది

నేను చేసిన ఘనకార్యం ఇది:

కాంటా.ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్ += కార్డు.ఔటర్‌హెచ్‌టీఎంఎల్;
కార్డు.రిమూవ్();

చూడటానికి ముద్దుగా ఉంటుంది, పని చేసినట్టే కనిపిస్తుంది. జరిగేది వేరు. మొదట కార్డును అక్షరాలుగా మారుస్తుంది. గడిలో చేత్తో కొట్టిన తూకం ఆ అక్షరాల్లో ఉండదు, ఎందుకంటే అది ఎలిమెంట్ దగ్గర ఉంటుంది తప్ప హెచ్‌టీఎంఎల్ రాతలో కాదు. అందుకే ఈ కార్డు తూకం పోయింది. తర్వాత కాంటా కాలమ్‌లో ఉన్నవన్నీ కూడా అక్షరాలుగా మార్చి, కొత్త కార్డు అక్షరాలు కలిపి, మొత్తం కాలమ్‌ను మొదటి నుంచి మళ్లీ కడుతుంది. అందుకే పాత కార్డుల తూకాలూ పోయాయి. యాడ్‌ఈవెంట్‌లిజనర్‌తో ఆ కార్డులకు కట్టిన లిజనర్లు (క్లిక్ లాంటిది జరిగితే ఫలానా పని చేయమని చెప్పేవి) కూడా అన్నీ పోతాయి. ఒక్క మొక్క నాటడానికి మడి అంతా దున్నేసినట్టు.

క్లోన్‌నోడ్ వాడి కాపీ చేసి, అసలుదాన్ని తీసేసే పద్ధతి కూడా కొందరు రాస్తారు. దానితో కూడా యాడ్‌ఈవెంట్‌లిజనర్‌తో కట్టినవి రావు, పైగా కాసేపు ఒకే ఐడీతో రెండు ఎలిమెంట్లు ఉంటాయి. నిజంగా రెండు చోట్లా కనపడాలన్నప్పుడే కాపీ చేయండి.

బటన్‌కు పని కట్టండి

లిజనర్‌ను ఎక్కడ కడుతున్నారో చూసుకోండి. నేరుగా కార్డు బటన్‌కు కట్టితే అది కార్డు వెంటే వస్తుంది, ఇబ్బంది లేదు. కానీ రోజూ వందల కార్డులు వచ్చే చోట ఒక్కోదానికి కట్టడం ఎందుకని పైన పేరెంట్‌కే ఒక్కటి కట్టడం అందరికీ అలవాటు. ఆ పేరెంట్ ‘వచ్చినవి’ కాలమ్ అయితే, కార్డు పక్క కాలమ్‌లోకి పోయాక దాని బటన్ నొక్కినా పలకదు. క్లిక్ కొత్త పేరెంట్ మీదుగా పైకి పోతుంది, పాత పేరెంట్‌కు ఆ సంగతే తెలియదు. నేనైతే మూడు కాలమ్‌లకూ పైన ఉన్న బోర్డుకు కట్టాను:

బోర్డు.యాడ్‌ఈవెంట్‌లిజనర్('క్లిక్', (ఈ) => {
కాన్స్ట్ బటన్ = ఈ.టార్గెట్.క్లోజెస్ట్('.ముందుకు');
ఇఫ్ (!బటన్) రిటర్న్;
కాన్స్ట్ కార్డు = బటన్.క్లోజెస్ట్('.కార్డు');
కాన్స్ట్ తర్వాతిది = కార్డు.క్లోజెస్ట్('.కాలమ్').నెక్స్ట్‌ఎలిమెంట్‌సిబ్లింగ్;
ఇఫ్ (!తర్వాతిది) రిటర్న్;
తర్వాతిది.క్వెరీసెలెక్టర్('.జాబితా').అపెండ్(కార్డు);
});

క్లోజెస్ట్ అంటే ఉన్న చోటు నుంచి పైకి వెతుకుతూ పోవడం. బటన్ లోపల బాణం బొమ్మ ఉండి, వేలు సరిగ్గా దాని మీద పడ్డా ఇది బటన్‌ను పట్టుకుంటుంది. చివరి కాలమ్‌కు పక్కన ఏమీ ఉండదు కాబట్టి రెండో ఇఫ్ తప్పదు. అది మరిచిపోతే ‘పైసలు ముట్టినవి’లో ఎవరైనా బటన్ నొక్కిన ప్రతిసారీ కన్సోల్‌లో ఎర్ర గీతలు.

అన్నీ ఒకేసారి జరపాలంటే

సాయంత్రం దుకాణం కట్టేసేటప్పుడు మిగిలినవన్నీ ఒకేసారి ముందుకు పంపే బటన్ అడిగారు. సులువే కదా అని ఫర్ లూప్ రాశాను: సున్నా నుంచి మొదలుపెట్టి చిల్డ్రన్‌లో ఒక్కోదాన్ని అపెండ్ చేయడం. ఆరు కార్డులుంటే మూడే పోయాయి. ఒకటి, మూడు, ఐదు పోయి రెండు, నాలుగు, ఆరు అక్కడే ఉన్నాయి. అరగంట తల పట్టుకున్నాను.

చిల్డ్రన్ అనేది ఎప్పటికప్పుడు మారే జాబితా. మొదటి కార్డు పోగానే రెండోది మొదటి చోటికి జరుగుతుంది. లూప్ మాత్రం రెండో చోటికి పోతుంది, అక్కడ ఇప్పుడు మూడోది ఉంది. ముందువాడు పోగానే వరుస అంతా ఒక అడుగు జరుగుతుంది, మన లెక్క మాత్రం జరగదు. గెట్‌ఎలిమెంట్స్‌బైక్లాస్‌నేమ్ ఇచ్చేదీ ఇదే రకం. క్వెరీసెలెక్టర్‌ఆల్ ఇచ్చేది మాత్రం అడిగిన క్షణంలో తీసిన లెక్క, తర్వాత మారదు.

మందు చిన్నదే:

కొత్త.అపెండ్(...పాత.చిల్డ్రన్);

ఆ మూడు చుక్కలు జాబితాను ముందే విడివిడిగా పరిచేస్తాయి, తర్వాతే జరపడం మొదలవుతుంది. చిల్డ్రన్ బదులు చైల్డ్‌నోడ్స్ అని రాస్తే ట్యాగుల మధ్య ఖాళీలు, విడి అక్షరాలు కూడా కట్టగట్టుకుని వస్తాయి. పేరా మధ్యలోని రాతను జరిపేటప్పుడు అదే కావాలి, కార్డులకు అక్కర్లేదు.

ఏవి వెంట వస్తాయి, ఏవి రావు

వచ్చేవి: గడిలో కొట్టిన విలువ, టిక్ పెట్టిన చెక్‌బాక్స్, క్లాసులు, డేటా అట్రిబ్యూట్లు, ఎలిమెంట్‌కే కట్టిన లిజనర్లు.

రానివాటిలో ముందు మీకు తగిలేది ఫోకస్. కర్సర్ గడిలో ఉండగా కార్డును జరిపితే కర్సర్ పోతుంది. గుమస్తా ఫోన్‌లో వాడతాడు కాబట్టి కీబోర్డు టక్కున మూసుకుపోయేది. జరపడానికి ముందు డాక్యుమెంట్.యాక్టివ్‌ఎలిమెంట్ ఏదో రాసి పెట్టుకుని, అది కార్డులో ఉంటే జరిపాక దాని మీద ఫోకస్ పిలవండి. లోపల స్క్రోల్ చేసి పెట్టిన పెట్టె మళ్లీ మొదటికి వస్తుంది. నడుస్తున్న సీఎస్ఎస్ యానిమేషన్ మొదటి నుంచి మొదలవుతుంది. వీడియో ఆగిపోతుంది. ఐఫ్రేమ్ (పేజీలో ఇమిడ్చిన ఇంకో పేజీ) అయితే పూర్తిగా మళ్లీ లోడవుతుంది, లోపల ఎవరైనా ఫారం నింపుతుంటే అంతా గోవిందా.

ఇవన్నీ పీకడం, నాటడం అనే రెండు పనుల మధ్య తల వాల్చేవి. ఈ బాధ లేకుండా మన్ను గడ్డతో సహా ఎత్తి పెట్టే కమాండ్ ఒకటి 2025 మొదట్లో క్రోమ్ 133తో వచ్చింది, పేరు మూవ్‌బిఫోర్. వాడకం ఇన్సర్ట్‌బిఫోర్ లాగే, రెండోది ఇవ్వడం తప్పనిసరి, చివర్లో పెట్టాలంటే నల్. ఐఫ్రేమ్ మళ్లీ లోడవదు, ఫోకస్ పోదు, యానిమేషన్ తెగదు. షరతులున్నాయి: కార్డు, కొత్త పేరెంట్ రెండూ అప్పటికే అదే పేజీలో ఉండాలి. క్రియేట్‌ఎలిమెంట్‌తో అప్పుడే పుట్టించినదాన్ని ఇస్తే ఎర్రర్ కొడుతుంది. అన్ని బ్రౌజర్లలో ఉంటుందని నమ్ముకోవద్దు, పాత ఫోన్లు ఇంకా చాలా చేతుల్లో ఉన్నాయి. ముందు ఉందో లేదో చూసి, లేకపోతే ఇన్సర్ట్‌బిఫోర్‌తో కానివ్వండి:

ఇఫ్ (కొత్త.మూవ్‌బిఫోర్) కొత్త.మూవ్‌బిఫోర్(కార్డు, నల్);
ఎల్స్ కొత్త.ఇన్సర్ట్‌బిఫోర్(కార్డు, నల్);

రంగు మారిపోయిందా?

కార్డు జరిగాక ఉన్నట్టుండి అక్షరాలు పెద్దవయ్యాయనో, రంగు పోయిందనో అనిపిస్తే అది సీఎస్ఎస్ పని. ‘వచ్చినవి లోపలి కార్డు’ అని పేరెంట్‌ను కలిపి రాసిన రూల్, కార్డు ఆ ఇల్లు దాటగానే వర్తించదు. అక్షరాల రంగు, సైజు లాంటివి పేరెంట్ నుంచి దిగేవి కాబట్టి కొత్త పేరెంట్‌వి అంటుకుంటాయి. కాలమ్ మారితే రంగు మారాలని మీరే అనుకుంటే అది లాభం కూడా: జావాస్క్రిప్ట్‌లో ఏమీ రాయకుండా ‘పైసలు ముట్టినవి’లోకి పోగానే కార్డు ఆకుపచ్చ అవుతుంది. మారకూడనిదాన్ని మాత్రం కార్డు క్లాస్‌కే రాయండి. వరంగల్ చపాటా మిర్చికి 2025లో జీఐ (ఫలానా ప్రాంతపు సరుకు అన్న) గుర్తింపు వచ్చింది కదా, ఇక ఆ సరుకు ఏ ఊరి మార్కెట్‌కు పోయినా ఆ పేరు దానిదే. క్లాస్ అలాంటిది. మా పేజీలో మిర్చి రకాలైన తేజకు, వండర్ హాట్‌కు, చపాటాకు అంచు రంగులు వేరు. అవి కార్డు క్లాసులోనే ఉన్నాయి, ఏ కాలమ్‌కు పోయినా మారవు.

ఫారం ఉన్న పేజీల్లో ఇంకోటి చూడండి. ఇన్‌పుట్ గడిని ఫారం బయటికి జరిపితే సబ్మిట్ కొట్టినప్పుడు దాని విలువ ఫారంతో పాటు వెళ్లదు. ఎర్రర్ కూడా రాదు, అందుకే పట్టుకోవడం కష్టం. బయట ఉంచక తప్పకపోతే ఆ ఇన్‌పుట్‌కు ఫారం అనే అట్రిబ్యూట్ పెట్టి, అందులో ఫారం ఐడీ రాయండి.

పేరెంట్‌ను దాని సొంత చైల్డ్ లోపలికి పంపాలని చూస్తే హైరార్కీరిక్వెస్ట్‌ఎర్రర్ వస్తుంది. కావాలని ఎవరూ చేయరు. చేత్తో లాగి వదిలే పేజీల్లో కార్డును తన మీదే వదిలినప్పుడు వస్తుంది. కార్డు.కంటెయిన్స్(కొత్త) అని అడిగి, అవునంటే వదిలేయండి.

రియాక్ట్, వ్యూ లాంటి జావాస్క్రిప్ట్ లైబ్రరీలు వాడే పేజీల్లో ఈ కమాండ్లేవీ నేరుగా వాడొద్దు. చెట్టు లెక్క వాటి దగ్గర వేరేగా ఉంటుంది. మీరు చాటుగా ఒక కొమ్మను జరిపితే, తర్వాత అవి దాన్ని పాత చోట వెతికి దొరక్క పేజీనే పడగొడతాయి. కార్డు ఏ కాలమ్‌దో స్టేట్‌లో, అంటే వాటి లెక్కలోనే, మార్చండి. పేజీలో వేరే చోట చూపించాలంటే రియాక్ట్‌లో క్రియేట్‌పోర్టల్, వ్యూలో టెలిపోర్ట్ ఉన్నాయి.

అసలు జరపాల్సిన అవసరం ఉందా అని కూడా ఒకసారి చూసుకోండి. మొబైల్‌లో ఒక పెట్టె కింద కనపడితే చాలనుకుంటే సీఎస్ఎస్ గ్రిడ్‌తో అయిపోతుంది. కాకపోతే సీఎస్ఎస్‌తో చోటు మార్చినా ట్యాబ్ కీ వెళ్లే వరుస, స్క్రీన్ రీడర్ చదివే వరుస పాతవే ఉంటాయి. చూపు లేనివాళ్లు వాడే పేజీలో ఈ తేడా వాళ్లను తికమక పెడుతుంది.

వెనక్కి తేవడం

వారం తర్వాత మళ్లీ ఫోన్. “అన్నా, తప్పు కార్డు నొక్కిన. వాపస్ ఎట్ల తేవాలె?”

పాత పేరెంట్ ఏదో గుర్తుపెట్టుకుంటే చాలదు, అందులో ఏ చోటో కూడా కావాలి. పక్క కార్డును గుర్తుపెట్టుకుందామంటే ఈలోపు ఆ పక్క కార్డు కూడా ముందుకు పోయి ఉండొచ్చు. నేను చేసిందేమిటంటే, కార్డును జరపడానికి ముందు దాని చోట కంటికి కనపడని గుర్తు ఒకటి పాతిపెట్టడం:

కాన్స్ట్ గుర్తు = డాక్యుమెంట్.క్రియేట్‌కామెంట్('లాట్17 చోటు');
కార్డు.బిఫోర్(గుర్తు);
కాంటా.అపెండ్(కార్డు);

వాపస్ కావాలంటే:

గుర్తు.రీప్లేస్‌విత్(కార్డు);

కార్డు ఉన్న చోటు నుంచి లేచి సరిగ్గా పాత చోటికి వస్తుంది, గుర్తు దానంతట అదే పోతుంది. కామెంట్ చిల్డ్రన్ లెక్కలోకి రాదు కాబట్టి కాలమ్ పైన చూపించే కార్డుల సంఖ్య కూడా చెడదు. ఏ కార్డుకు ఏ గుర్తో ఒక మ్యాప్‌లో పెట్టుకున్నాను. రోజు ముగిసి తక్‌పట్టీలు అయిపోయాక మిగిలిన గుర్తులన్నిటి మీద రిమూవ్ పిలిచి ఆ మ్యాప్ ఖాళీ చేస్తాను.